నలభై మందికి ఐదు వేళ్లు

కేసముద్రంలో రైలు దిగి నెల్లికుదురు చేరేసరికి పొద్దుగూకింది. మామ వాకిట్లోనే ఉన్నాడు. గోడవారన మిరపకాయ బస్తాలు, వాటి పక్కన చాప, చాప మీద హార్మోనియం. కూర్చున్నానో లేదో తుమ్మొచ్చింది.

"పెట్టెకు సుత గట్లనే అయితది," అన్నాడు మామ. "తిత్తి గాలి గుంజుతది గదా. గాలెంబడి ఈ మిరప దుమ్ము."

రేపు రాత్రి యక్షగానం. ఆట మొదలయ్యేలోపు జనం పోగవ్వాలి కాబట్టి ఏవో సినిమా పాటలు వాయించడం ఎప్పుడూ ఉన్నదే. ఈసారి పోరగాళ్లు ఇళయరాజా పాట అడిగారు. పల్లవి, చరణం మామకు చిటికెలో పని. వాళ్లడిగింది అది కాదు, రెండో బిట్టు. చరణానికి ముందు వయొలిన్లన్నీ ఒక్కసారి లేచి, కిందికి దిగి, ఫ్లూటుకు దారిచ్చే ఆ అర నిమిషం.

ఫోను నా చేతిలో ఉంది. పెడుతున్నాను, ఆపుతున్నాను, వెనక్కి జరుపుతున్నాను. మామ పెట్టె ముట్టుకోడు. కళ్లు మూసుకుని నాలుగుసార్లు విన్నాడు. ఐదోసారి చిన్నగా కూనిరాగం తీశాడు. వయొలిన్ల వరుస అనుకున్నాను, కాదు. ఎక్కడో అడుగున, బేస్ గిటారు నడిచే బాట.

"పైది అందరికి ఇనవడుతది అల్లుడా. అడుగున ఏమున్నదో అది ముందుగాల వట్టాలె."

స్కూలు నోటుబుక్కు తెరిచాడు. పేజీ అట్టడుగున మొదటి వరుస రాశాడు. స, కొంచెం ఎడం, ని, కొంచెం ఎడం, ద. ఎంతసేపు నిలవాలో అంత పొడవు గీత. దాని మీద రెండు వరుసలు ఖాళీ. వయొలిన్ల వరుస అన్నిటికన్నా పైన, అదీ సగమే. మిగతా సగం కొట్టేశాడు.

"గవి ఎందుకు తీసేసినవ్?"

ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. అది తిత్తికి. ఉన్నవి కుడిచేతి ఐదు వేళ్లు. పాటలో వాయించినవాళ్లు నలభై మంది అనుకుందాం.

ఈ లెక్క మామ ఒక్కడిదే కాదు. లివర్‌పూల్ సెయింట్ జార్జ్ హాల్లో 1855 నుంచి ఆర్గాన్ వాయించిన డబ్ల్యూ.టి. బెస్ట్ జీవితమంతా ఇదే పని చేశాడు. ఆర్కెస్ట్రా ఎదురుగా కూర్చుని వినే భాగ్యం లేని జనానికి సింఫనీలను ఆర్గాన్ మీదికి దించి వినిపించేవాడు. కాకపోతే ఆయనకు రెండు చేతులు, రెండు కాళ్లు, గాలి కొట్టడానికి ఆవిరి యంత్రం. ఆ మాట మామకు చెప్తే నవ్వాడు. "నాకు సుత ఒక యంత్రం వెట్టియ్యరాదు?" 1921లో వియన్నాలో స్వరకర్త షోన్‌బర్గ్ శిష్యులు బ్రూక్నర్ ఏడో సింఫనీని గుప్పెడు వాద్యాలకు కుదించినప్పుడు ఊదే వాద్యాల వంతు ఎక్కువగా హార్మోనియానికే అప్పగించారు. ఇది చెప్తే నవ్వలేదు. "మంచిగ జేసిండ్రు. పీక, పెట్టె రెండూ గాలి బిడ్డలే," అన్నాడు.

వాయించడం మొదలుపెట్టాడు. బొటనవేలు కింది స్వరాన్ని అదిమి పట్టింది, చిటికెన వేలు పైన వయొలిన్. వయొలిన్లు ఒకే స్వరాన్ని గబగబా గీకే చోట పెట్టె మీద అది సాగదు, వట్టి టకటక. అందుకని గ ఒకటి నిలిపి పట్టి, పక్క వేలితో ప తాకి వదులుతూ పోయాడు. చెవి మోసపోయింది, హాయిగా. బేసు వేగంగా కదిలే రెండు చోట్ల వరుసను పై స్థాయికి ఎత్తేశాడు. మంద్రంలో రీడు పొడుగ్గా, బరువుగా ఉంటుంది. గాలి తగిలాక పలకడానికి రవ్వంత సేపు తీసుకుంటుంది, ఆలోగా పాట వెళ్లిపోతుంది.

ఓడిపోయే చోటూ ఉంది. వయొలిన్లు దిగేటప్పుడు జారు పడుతుంది. పెట్టెకు జారు లేదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఏమీ లేదు. గమకం పలకదన్న నింద మీదే ఆకాశవాణి 1940లో దీన్ని గడప దాటనివ్వలేదు, 1971 దాకా. మామ ఒక మెట్టు వదలకముందే పక్క మెట్టు నొక్కి, రెండూ క్షణంపాటు కలిసి మోగనిచ్చి, మొదటిది వదిలాడు. జారు కాదు, జారినట్టు. నాకైతే చాలు. ఆయనకు చాలలేదు, మొహంలో తెలుస్తూనే ఉంది.

ఏడోసారో ఎనిమిదోసారో, ప మూగబోయింది.

పైచెక్క తీశాడు. ఇత్తడి రీడ్లు వరుసగా, చిన్న నాలుకల్లా. ఒక్కోదాని మీదా సన్నగా గీకిన గీతలున్నాయి. కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఎన్నేళ్ల గీతలో అవి. నోటుబుక్కు అంచు చింపి, ఆ కాగితం ముక్కను ప నాలుక కిందికి పోనిచ్చి మెల్లగా లాగాడు. ఎర్రటి పొట్టు తునక ఒకటి బయటపడింది. మిరపదే. ఉఫ్ అని ఊదాడు, అది వచ్చి నా కంట్లో పడింది.

నేను కళ్లు కడుక్కుని వచ్చేసరికి బిట్టు మొత్తం వాయిస్తున్నాడు. లేచే చోట తిత్తి జోరు పెంచాడు, వాకిలి నిండిపోయింది. ఫ్లూటుకు దారిచ్చే చోట జోరు తగ్గించాడు. లోపల అత్తమ్మ చాటలో బియ్యం చెరగడం ఆపింది.

అయిపోయింది అనుకుని ఫోను జేబులో పెట్టబోయాను.

"ఉండు. ఇంకోపారి వెట్టు. ఆఖర్ల గంట మోగినట్టు ఇనవడ్డది."

పెట్టాను. నిజమే. ఫ్లూటు ఎత్తుకునే ముందు సన్నగా ఒకే ఒక్క గంట. నేను వందసార్లు విన్న పాటలో ఇన్నాళ్లూ నాకు వినపడనిది. మామ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. ఐదు వేళ్లకూ పనుంది.

చాయ తాగిన స్టీలు గ్లాసు నా ముందుకు జరిపి, లోపలికి కేకేశాడు. "ఓయ్, చెంచా ఒకటి దే. అల్లునికి పనివడ్డది."