కోనసీమలో అపరిచిత ఫోన్ నంబరు గుర్తింపు

అపరిచిత ఫోన్ నంబరు గుర్తింపు అనగా పేరు తెలియని నంబరు నుండి వచ్చిన కాల్ ఏ ప్రాంతానిదో, ఏ సంస్థదో, ఎవరిదో తెలుసుకోవడం. గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళిన వారు అధికంగా ఉన్న కోనసీమలో ఇది కేవలం కుతూహలానికి సంబంధించిన విషయం కాదు. తెలియని నంబరు ఇంటి మనిషిది కావచ్చు, మోసగాడిదీ కావచ్చు.

ల్యాండ్‌లైన్ నంబర్లు

కోనసీమలో ప్రధానంగా మూడు ఎస్‌టీడీ కోడ్లు ఉన్నాయి. అమలాపురం, ముమ్మిడివరం ప్రాంతాలకు 08856, రాజోలు, మలికిపురం ప్రాంతాలకు 08862, కొత్తపేట, రావులపాలెం ప్రాంతాలకు 08855. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా నుండి కోనసీమ జిల్లా విడివడినా ఈ కోడ్లు మారలేదు. కోడ్ తరువాత ఆరు అంకెల స్థానిక నంబరు ఉంటుంది. అందులో మొదటి అంకె 2 అయితే అది బీఎస్ఎన్ఎల్ కనెక్షన్.

మొబైల్ తెరపై ఈ నంబరు సున్నా లేకుండా 88562తో మొదలై పది అంకెలుగా కనిపిస్తుంది. అందువల్ల చాలామంది దీనిని 8తో మొదలయ్యే మొబైల్ నంబరని పొరబడతారు. అయిదవ అంకెను చూస్తే తేడా తెలుస్తుంది. అది 2 అయితే అమలాపురం ల్యాండ్‌లైన్. 0, 8, 9 వంటివి అయితే వేరే రాష్ట్రపు మొబైల్ కూడా కావచ్చు. ఒకప్పుడు ముద్రిత టెలిఫోన్ డైరెక్టరీ, 197 విచారణ సేవ ఉండేవి. అయితే డైరెక్టరీ పేర్ల అకారాది క్రమంలో ఉండేది కనుక నంబరు నుండి పేరును వెతకడానికి అది అంతగా పనికివచ్చేది కాదు.

మొబైల్ నంబర్లు

9440తో మొదలయ్యే నంబరు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో బీఎస్ఎన్ఎల్ జారీ చేసినది. ఈ సర్కిల్‌లో తెలంగాణ కూడా ఉంది. నంబరు మార్చకుండా సంస్థను మార్చుకొనే సౌకర్యం 2011 జనవరి 20న దేశమంతటా వచ్చింది. 2015 జూలై నుండి సర్కిల్ దాటినా నంబరు ఉంచుకోవచ్చు. కాబట్టి మొదటి అంకెలు నంబరు పుట్టుకను చెబుతాయే గాని ప్రస్తుత సంస్థను, ఊరిని చెప్పలేవు.

గల్ఫ్ కాల్స్

కువైట్ కోడ్ +965, ఒమన్ +968, కతార్ +974, బహ్రెయిన్ +973. ఈ నాలుగు దేశాలలో కోడ్ తరువాత ఎనిమిది అంకెలే ఉంటాయి. పది అంకెలకు అలవాటుపడిన వారికి ఇవి అసంపూర్ణంగా తోస్తాయి. సౌదీ అరేబియా (+966), యూఏఈ (+971) మొబైళ్ళకు తొమ్మిది అంకెలు. పక్కపక్క కోడ్లు ఒకే దేశానివి కావు. +964 ఇరాక్, +963 సిరియా, +960 మాల్దీవులు. ఒక్కసారి మోగించి కాల్ ఆపివేసి, తిరిగి చేసిన వారి నుండి అంతర్జాతీయ ఛార్జీలు రాబట్టే మోసం ఈ పోలికల పైనే ఆధారపడుతుంది. జపాన్ భాషలో దీనిని వాన్‌గిరి అంటారు.

దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఉంది. సిమ్ బాక్సులతో నడిచే అక్రమ ఎక్స్ఛేంజీల ద్వారా వచ్చిన గల్ఫ్ కాల్ తెరపై భారతీయ మొబైల్ నంబరుగా కనిపిస్తుంది. ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేస్తే విదేశంలోని బంధువు దొరకడు. అందుకే కొత్త నంబరు నుండి డబ్బు అడిగే కాల్ వస్తే, మాట్లాడేది బంధువేనని చెప్పినా, అతని పాత నంబరుకు లేదా అక్కడి తోటివారికి ఫోన్ చేసి రూఢి చేసుకోవడం ఉత్తమం.

యజమాని పేరు

మొబైల్ నంబరు ఇచ్చి యజమాని పేరు పొందే అధికారిక బహిరంగ జాబితా లేదు. 2009లో స్వీడన్‌లో మొదలైన ట్రూకాలర్ చూపే పేరు ప్రధానంగా ఇతరుల ఫోన్లలో దాచుకున్న పేర్ల నుండి వచ్చినది. అది "రాజోలు కొబ్బరి" అని చూపవచ్చు, పాత యజమాని పేరూ చూపవచ్చు, సాక్ష్యంగా నిలవదు. సిమ్ నమోదు పత్రాలలోని పేరును తెరపై చూపే విధానాన్ని ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. సంచార్ సాథీ పోర్టల్‌లో తన పేరున ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకోవచ్చు, ఇతరుల వివరాలు దొరకవు. వేధింపు కాల్స్ విషయంలో పోలీసులకు ఫిర్యాదు చేస్తే, వారు భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద టెలికాం సంస్థ నుండి వివరాలు కోరతారు. డబ్బు పోయినట్లయితే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.