మందు పట్టించే చెయ్యి ఎవరిది? డ్యూసెల్‌డార్ఫ్ శిశు కేంద్రాల్లో పిల్లల మందులు, తెలుగు కుటుంబాలు

చెవిపోటుతో ఉన్న మూడేళ్ల పిల్లకి డాక్టరు అమాక్సిసిలిన్ సిరప్ రాశారనుకుందాం. ఎనిమిదేసి గంటల ఎడంతో రోజుకి మూడుసార్లు. జ్వరం తగ్గింది, పిల్ల ఆడుతోంది, కోర్సు మాత్రం ఇంకా నాలుగు రోజులుంది. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ రాజధానిగా ఉన్న నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో శిశు కేంద్రంలో (అక్కడి వాడుకలో ‘కీటా’) సీటును వారానికి 25, 35, 45 గంటల లెక్కన తీసుకుంటారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పూర్తి ఉద్యోగాలు చేస్తుంటే 45 గంటలు తీసుకోక తప్పదు. అంటే రోజుకి తొమ్మిది గంటలు. ఎనిమిది గంటలకోసారి పడాల్సిన మందు ఆ తొమ్మిది గంటల్లో ఒకసారైనా పడి తీరాలి. ఆ ఒక్క మోతాదు ఎవరు పట్టించాలన్నదే ఈ వ్యాస విషయం.

కేంద్రంలో టీచరు మందు వెయ్యాలంటే ముందు ఒక పత్రం రాసివ్వాలి. కొత్తగా వచ్చిన తెలుగు తల్లిదండ్రులు దాన్ని కాగితాల గొడవగా చూస్తారు. చెంచాడు సిరప్‌కి డాక్టరు సంతకం, మన సంతకం, టీచరు సంతకమా అని విసుక్కుంటారు. అక్కడి మిత్రులేమో దాన్ని జర్మన్ల క్రమశిక్షణ కింద జమకట్టి సరిపెడతారు. రెండూ పొరపాటేనని నా వాదన. ఆ కాగితం అనుమానంతో పుట్టింది కాదు. తల్లి తన చేతిని కొన్ని గంటలపాటు మరొకరికి అరువిచ్చినట్టు రాసిచ్చే పత్రం అది. అలా చూస్తేనే అందులోని ప్రతి గడికీ అర్థం కుదురుతుంది. ఆ ఏర్పాటు ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ చిరుగుతుందో కూడా కనిపిస్తుంది.

ఒకే ఇంట్లో రెండు పనులు

డ్యూసెల్‌డార్ఫ్‌కి ఉత్తరాన, రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ ఉంది. 1929లో నగరంలో కలిసిన పాత ఊరు. పాస్టర్ థియోడోర్ ఫ్లీడ్నర్, ఆయన భార్య ఫ్రీడరికె 1836లో అక్కడ స్త్రీలకి రోగి పరిచర్య నేర్పే సంస్థను పెట్టారు. అదే కాలంలో, అదే ఆవరణలో పసిపిల్లల బడి నడిపారు, ఆ బడి పంతులమ్మలకి శిక్షణా ఇచ్చారు. జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ తన బడికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టింది 1840లో, అంటే ఆ తర్వాతే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1850లో కైజర్స్‌వెర్త్ చూసి, 1851లో మళ్లీ వచ్చి కొన్ని నెలలు ఉండి పని నేర్చుకుంది. ఆమెను తల్చుకునేవాళ్లకి ఆసుపత్రే గుర్తొస్తుంది. అక్కడ ఆసుపత్రి పక్కనే పసిపిల్లల బడి ఉండేదన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఒకే గడపలో పుట్టిన ఈ రెండు పనులూ తర్వాత వేరుపడ్డాయి. నర్సు చదువు వేరు, శిశు కేంద్రం టీచరు చదువు వేరు. ఇవాళ కీటాలో టీచర్లు తప్పనిసరిగా నేర్చుకునేది ప్రథమ చికిత్స: ప్రతి పిల్లల గుంపుకి శిక్షణ పొందిన ఒక మనిషి ఉండాలి, ఆ శిక్షణను రెండేళ్లకోసారి తిరిగి తీసుకోవాలి. మోకాలు గీరుకున్నా పుస్తకంలో రాస్తారు, ఆ రాతను అయిదేళ్లు దాస్తారు. కానీ సీసాలోంచి అయిదు మిల్లీలీటర్లు కొలిచి పిల్ల నోట్లో పొయ్యడం ప్రథమ చికిత్స కిందికి రాదు. అది చికిత్సలో భాగం. రెండు చదువుల మధ్య పడిన గీత మీదే ఆ సీసా నిలబడి ఉంది.

అరువు పత్రం

జర్మన్ పౌర స్మృతి 1626వ సెక్షన్ ప్రకారం పిల్లల బాగోగులు చూసే హక్కూ బాధ్యతా తల్లిదండ్రులవి. మందు వెయ్యడం అందులో భాగం. కీటా టీచరు మందు వెయ్యకూడదని చట్టం ఎక్కడా అనదు, వెయ్యాలనీ అనదు. తల్లిదండ్రులు తమ బాధ్యతలో ఆ ముక్కను రాతపూర్వకంగా అప్పగిస్తే, కేంద్రం ఒప్పుకుంటే, అప్పుడు వెయ్యొచ్చు. అందుకే ఒకే నగరంలో పద్ధతులు తేడాగా ఉంటాయి. నగరపాలక సంస్థ నడిపే కేంద్రం ఒక తీరు, చర్చి సంస్థది ఇంకో తీరు, తల్లిదండ్రులే సంఘంగా ఏర్పడి నడుపుకునేది మరో తీరు. నగరంలోని బిల్క్ పేటలో ఒప్పుకున్నారు, గెరెస్‌హైమ్ పేటలో ఎందుకు ఒప్పుకోరని అడిగితే లాభం లేదు.

పత్రంలో ఏముంటుందో దగ్గరగా చూద్దాం. పిల్ల పేరు, పుట్టిన తేదీ. మందు పేరు. మోతాదు మిల్లీలీటర్లలో, సమయం గంటల్లో. నోట్లోనా, చర్మం మీదా, ముక్కులోనా. ఎప్పటినుంచి ఎప్పటిదాకా. ఫ్రిజ్‌లో ఉంచాలా. డాక్టరు ముద్ర, తల్లిదండ్రుల సంతకం. సీసాని కొన్న పెట్టెతో సహా ఇవ్వాలి, పెట్టె మీద పిల్ల పేరుండాలి. ఇచ్చిన ప్రతిసారీ టీచరు సమయం రాసి పొడి సంతకం పెట్టాలి. ఒప్పుకున్న టీచరు సెలవు పెడితే ఆమె బదులు ఎవరన్నది కూడా ముందే తేల్చుకోవాలి. టీచర్ల కొరతతో నడిచే కేంద్రాల్లో కష్టమైన గడి ఇదే.

అమ్మమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. పురుడు పోయడానికో, పిల్లను చూసుకోవడానికో హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వచ్చే అమ్మమ్మలు, నానమ్మలు పర్యాటక వీసా మీద 90 రోజులుంటారు. పిల్లను తీసుకెళ్లే వాళ్ల జాబితాలో వాళ్ల పేరు చేర్చవచ్చు. మందు పత్రం మీద మాత్రం వాళ్ల సంతకం చెల్లదు. అయిదుగురు పిల్లల్ని పెంచిన చెయ్యి అయినా సరే, అరువివ్వడానికి చట్టం దృష్టిలో ఆ హక్కు ఆమెది కాదు.

మరి పొరపాటు జరిగితే? మోతాదు ఎక్కువైంది, లేదా ఒకరి మందు మరొకరికి పడింది. 1971 ఏప్రిల్ నుంచి జర్మనీలో కిండర్‌గార్టెన్ పిల్లలు కూడా చట్టబద్ధ ప్రమాద బీమా కిందికి వచ్చారు. ఈ రాష్ట్రంలో ఆ బీమా చూసే ఉన్‌ఫాల్‌కాసె నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా కార్యాలయం డ్యూసెల్‌డార్ఫ్‌లోనే ఉంది. తల్లిదండ్రులు అప్పగించిన మందును టీచరు తప్పుగా వేసి పిల్లకి హాని జరిగితే, అది ఫ్యాక్టరీలో చెయ్యి తెగినట్టే బీమా కిందికి వచ్చే ప్రమాదం. కావాలని చేస్తే తప్ప పిల్లకి జరిగిన శరీర హానికి టీచరు సొంతంగా నష్టపరిహారం కట్టనక్కరలేదు. ఘోరమైన నిర్లక్ష్యమైతే బీమా సంస్థ ఆమెను అడగొచ్చు. ‘భయపడి ఒప్పుకోం’ అనే టీచర్లలో ఎక్కువమంది భయానికి మందు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది, కానీ దాన్ని వాళ్లకి వివరించే తీరిక ఎవరికుంది?

పూటకి గంట ఎంత?

అసలు చిక్కు భాషలో ఉంది. తెలుగులో మందుకి కాలమానం పూట. ‘పూటకో చెంచా’, ‘మూడు పూటలా’, ‘అన్నం తిన్నాక’. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్నవి గడియారం చెప్పేవి కావు, ఇల్లు చెప్పేవి. వంట ఎప్పుడైతే పూట అప్పుడు. జర్మన్ పత్రంలో పూటకి గడి లేదు. మధ్యాహ్నం ఒకసారి వెయ్యండి అని తల్లి గుమ్మం దగ్గర టీచరుతో అంటే, టీచరు ‘ఎన్నింటికి’ అని అడుగుతుంది. అదేం ప్రశ్న అనిపిస్తుంది తల్లికి. కీటాలో భోజనం పదకొండున్నరకే అయిపోవచ్చు, ఆ వెంటనే పిల్లలు పడుకుంటారు. మనింట్లో ‘మధ్యాహ్నం’ అంటే ఒంటిగంట దాటాకే.

మోతాదు సంగతి ఇంకా ప్రమాదకరం. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న పారాసెటమాల్ సిరప్ అయిదు మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండొచ్చు, 250 ఉండొచ్చు. మన దగ్గర రెండు బలాలూ అమ్ముతారు. జర్మన్ మందుల షాపులో దొరికే పిల్లల పారాసెటమాల్ మిల్లీలీటరుకి 40, అంటే అయిదు మిల్లీలీటర్లకి 200. ‘ఒక చెంచా’ అన్న ఒక్క మాట మూడు మోతాదులవుతుంది. వేరే దేశం సీసాని కేంద్రాలు తీసుకోకపోవడానికి పేరు చదవలేకపోవడం ఒక్కటే కారణం కాదు, మూత తీసి చూస్తే కారణం లోపలే ఉంది. 

పారాసెటమాల్‌తో ఇంకో అలవాటు ముడిపడి ఉంది. అది ఒక్క తెలుగువాళ్లదే కాదు. పొద్దున ఏడున్నరకి ఒక మోతాదు పట్టించి పిల్లను దింపేస్తే, నాలుగైదు గంటల తర్వాత, సరిగ్గా భోజనాల వేళకి జ్వరం తిరగబెడుతుంది. ఫోను మోగుతుంది. ఎందుకలా చేస్తారంటే ఆఫీసులో మీటింగు. చట్టబద్ధ ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకి 2024, 2025 సంవత్సరాల్లో ఒక్కో బిడ్డకి తల్లికి 15 రోజులు, తండ్రికి 15 రోజులు జబ్బుపడ్డ బిడ్డను చూసుకోవడానికి భత్యంతో సెలవు దొరికింది. మంచి జీతమొస్తుందని ప్రైవేటు బీమాకి మారిన ఐటీ ఉద్యోగికి ఆ భత్యం లేదు. కాబట్టి మధ్యాహ్నపు జ్వరం వెనక బీమా లెక్క కూడా ఉంటుంది. అంటుజబ్బు నివారణ చట్టం 34వ సెక్షన్ మాత్రం ఏ లెక్కా వినదు. మీజిల్స్, ఆటలమ్మ, గజ్జి, కోరింత దగ్గు, స్కార్లెట్ జ్వరం ఉంటే పిల్ల రాకూడదు. ఆరేళ్లలోపు పిల్లలకి అంటు వాంతులు, విరేచనాలున్నా రాకూడదు.

అంగన్‌వాడీ టీచరు ఎవరి తరఫున?

మన ఊళ్లలో మందు పట్టించే చెయ్యి ఇంకొకరిది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినాన అంగన్‌వాడీ టీచరు ఏడాది దాటిన పిల్లకి అల్బెండజోల్ సగం మాత్ర, రెండేళ్లు దాటితే 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర తన కళ్లముందే మింగిస్తుంది. చిన్నపిల్లలకి నూరి నీళ్లలో కలిపి పోస్తుంది. ఇంటికిచ్చి పంపడానికి వీల్లేదు. డాక్టరు చీటీ ఉండదు, పిల్ల పేరున సీసా ఉండదు. ఆ చెయ్యి తల్లి అరువిచ్చింది కాదు, ప్రభుత్వం తన ప్రజారోగ్య పథకం కోసం చాచింది.

డ్యూసెల్‌డార్ఫ్ కీటాలో పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ అందరికీ ఒకే మాత్ర అన్నది లేదు. టీకా కూడా పిల్లల డాక్టరు దగ్గరే. 2020 మార్చి 1 నుంచి మీజిల్స్ టీకా వేయించిన రుజువు చూపించాలి, చేరేటప్పుడు వయసుకి తగిన ఆరోగ్య పరీక్షల పుస్తకం చూపించాలి, అంతే. కేంద్రం కాగితం చూస్తుంది, మందు ముట్టుకోదు. ముట్టుకుంటే ఒక్క పిల్ల కోసమే, ఆ పిల్ల తల్లిదండ్రుల తరఫునే. అంగన్‌వాడీలో పెరిగిన మనిషి ‘టీచరమ్మ మందు వెయ్యనంటుందా’ అని ఆశ్చర్యపోవడం అందుకే సహజం. కానీ తన ఒక్క పిల్లాడికే రోజూ మధ్యాహ్నం పడాల్సిన మూర్ఛ మందును పట్టుకుని అంగన్‌వాడీకి వెళ్తే అదే మనిషికి అక్కడ ఏ గడీ దొరకదు.

తీపి లెక్క

దీర్ఘకాలపు జబ్బుల్లో మధుమేహం ఈ అరువు చేతిని ఎక్కువగా అలసిపోయేలా చేసేది. డ్యూసెల్‌డార్ఫ్‌లోనే జర్మన్ డయాబెటిస్ సెంటర్ ఉంది, రాష్ట్రంలో పిల్లల్లో వచ్చే టైప్ 1 మధుమేహాన్ని నమోదు చేసేదీ అదే. ఇన్సులిన్ పంపు, సెన్సర్ పెట్టుకున్న నాలుగేళ్ల పిల్లకి టీచరు చెయ్యాల్సింది చెంచాడు సిరప్ పొయ్యడం కాదు. రోజంతా లెక్క. నవంబరులో సెయింట్ మార్టిన్ పండగకి కాగితపు లాంతర్లతో ఊరేగి వచ్చాక పిల్లలందరికీ మట్టి పైపు పట్టుకున్న తీపి రొట్టె బొమ్మ ఇస్తారు. అందులో ఎంత పిండిపదార్థముందో, పిల్ల ఎంత తిన్నదో, లాంతరు పట్టుకుని ఎంత నడిచిందో చూసి ఇన్సులిన్ తేల్చాలి. ఫిబ్రవరిలో కార్నివాల్ ఊరేగింపు బళ్ల మీంచి మిఠాయిలు వానలా కురుస్తాయి. పక్కవాళ్లు ఏరుకుంటుంటే ఆ పిల్లను ఆపడం క్రూరం, వదిలెయ్యడం ప్రమాదం.

ఇక్కడ చట్టం ఒక తలుపు తెరిచే ఉంచింది. ఇంటి దగ్గర నర్సు సేవకి బీమా చెల్లించే ఆరోగ్య బీమా చట్టం 37వ సెక్షన్‌లో, ఆ సేవ అందే చోట్లలో కిండర్‌గార్టెన్ పేరూ ఉంది. అంటే నర్సు కీటాకే రావొచ్చు. వైకల్య సహాయం కింద పిల్ల వెంట ఉండే సహాయకురాలి కోసం 2020 నుంచి ప్రాంతీయ సంస్థ అయిన లాండ్‌షాఫ్ట్స్‌ఫెర్‌బాండ్ రైన్‌లాండ్‌కి దరఖాస్తు చెయ్యాలి. కైజర్స్‌వెర్త్‌లో విడిపోయిన రెండు పనులూ ఒక్క పిల్ల కోసం మళ్లీ ఒక గదిలో కలుస్తాయన్నమాట. రోజుకి కొన్ని నిమిషాలే అనుకోండి.

తాళం లేని అర

మామూలు మందుకి తాళం వెయ్యాలి. ప్రాణం మీదికి వచ్చినప్పటి మందుకి తాళం వెయ్యకూడదు, పిల్లలకి అందకూడదు. ఈ ఒక్క వాక్యాన్ని అమలు చెయ్యడానికి ప్రతి కేంద్రం ఒక పై అర వెతుక్కుంటుంది. వేరుశెనగ పడని పిల్లకి అడ్రినలిన్ పెన్ను, 15 నుంచి 30 కిలోల మధ్య బరువుంటే 150 మైక్రోగ్రాములది, తొడ బయటి వైపు బట్ట మీంచే గుచ్చవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టరు. అడవికి తీసుకెళ్లే రోజున పెన్నూ పిల్లల వెంట వెళ్లాలి. మర్చిపోయేది ఆ రోజే.

ఇలాంటి క్షణంలో అరువు పత్రం మాట వెనక్కి పోతుంది. ఆపదలో సాయం చెయ్యకపోవడం జర్మనీలో నేరం. 112కి ఫోను చెయ్యడం ఎవరి సంతకం కోసమూ ఆగదు. అప్పటిదాకా తల్లి తరఫున కదిలిన చెయ్యి ఇక గదిలో ఉన్న ప్రతి పెద్దమనిషిదీ అవుతుంది. అలా కదలాలంటే ముందు భయం పోవాలి, భయం పోవాలంటే ఉత్తి పెన్నుతో పదిసార్లు గుచ్చి చూడాలి.

మూర్ఛ వచ్చే పిల్లలకి చెంపకీ చిగురుకీ మధ్య పోసే మిడజోలం ద్రావణం ఉంటుంది. మోతాదు ముందే నింపిన గొట్టాలు రంగుల్లో వస్తాయి. ఏడాది దాటి అయిదేళ్లలోపు పిల్లకి నీలం, అయిదు మిల్లీగ్రాములు. అయిదు నిండితే ఊదా, ఏడున్నర. అయిదో పుట్టినరోజున గుంపులో పిల్ల తలకి కాగితం కిరీటం పెడతారు, అందరూ చుట్టూ కూర్చుని పాట పాడతారు, తల్లి తెచ్చిన కేకు కోస్తారు. పై అరలో పిల్ల పేరు రాసిన పెట్టెలో మాత్రం ఇంకా నీలం గొట్టమే ఉంటుంది. కొత్త చీటీ డాక్టరు రాసి, కొత్త పత్రం మీద తల్లి సంతకం పెట్టి, పెట్టె మార్చేదాకా.