వాక్యమునకు విశ్రాంతి

బాల్కొండ పసుపు వర్తకుడొకడు నిజామాబాదులోని తన భాగస్వామికి ఇట్లు జాబు వ్రాసినాడనుకొందము: “సరుకు తూచితిమి నిన్న సొమ్ము ముట్టినది.” తూచినది నిన్నయా, సొమ్ము ముట్టినది నిన్నయా? ‘నిన్న’కు ముందు కామా పెట్టిన ఒక అర్థము, తరువాత పెట్టిన మరొక అర్థము. అంత చిన్న గీత లేనందున ఖాతాలో తగవు పుట్టవచ్చును.

అయినను మన పూర్వులు శతాబ్దులపాటు ఈ గుర్తులు లేకయే వ్రాసిరి. తాళపత్రములలో పదములు కలసియే యుండెడివి. పద్యము ముగిసినచోట నిలువుగీతలు కానవచ్చును. ఇది అజాగ్రత్త కాదు. ‘వచ్చి, చూచి’ యను అసమాపక క్రియలు విషయ మింకను ఉన్నదని చెప్పును. ‘వెళ్లెను’ అను సమాపక క్రియ ముగింపు తెలుపును. పద్యమునందు గణములు, యతిప్రాసలు దారి చూపును. పైగా గ్రంథములను గొంతెత్తి చదివెడివారు. విరామము చదువరి ఊపిరిలోనే యుండెను.

అచ్చుయంత్రముతో వచనము పెరిగినది. 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’, 1880లో వీరేశలింగము గారి ‘రాజశేఖర చరిత్రము’ వెలువడెను. వచనమునకు ఛందస్సు తోడు లేదు. మౌనముగా చదువుకొనువారికి గొంతు తోడు లేదు. అందుచేత ఆంగ్ల గ్రంథముల వాడుకనుండి వచ్చిన కామా, చుక్క, ప్రశ్నార్థకము మన అచ్చులో క్రమముగా స్థిరపడినవి. నిజాము పాలన ముగిసిన 1948 వరకు బాల్కొండ ప్రాంతపు కచ్చేరీలలో ఉర్దూ నడచెను. అందు వాక్యాంతమున చుక్కకు మారుగా చిన్న అడ్డగీత యుండును. 1926లో హైదరాబాదున మొదలైన ‘గోలకొండ పత్రిక’ వంటివి చదివినవారికి తెలుగు అచ్చు పద్ధతియు పరిచితమే.

గుర్తులు అందరివి, వాడుక ఎవరిది వారిది. ఒకరు ప్రతి వాక్యమునకు ఆశ్చర్యార్థకము తగిలింతురు. ఒకరు చెప్పలేని మాటకు మూడు చుక్కలు పెట్టుదురు. ఒకరి ఉత్తరము చివరిదాక ఒకే వాక్యము. శుభలేఖ మూలలకు పూసెడి పసుపు సైతము ఒక గుర్తే: అక్షరము చదువకమునుపే శుభమని చెప్పును.

రేడియోలో ప్రసంగము చదువబోవు మేము, ఆగవలసినచోట పెన్సిలుతో గీత గీసికొందుము. ఎవరి గీతలు వారివే. కాని శ్రోతకు ఆ గీతలు కనబడవు, అర్థమే వినబడవలెను. ఉత్తరము వ్రాయువారికిని ఇదే నియమము చాలును: అలంకారమునకై గుర్తు పెట్టనక్కరలేదు, అర్థము రెండుగా చీలుచోట మాత్రము మానరాదు. ‘నిన్న’ ఏ వైపునకు చేరవలెనో వ్రాసినవాడే చెప్పవలెను. దూరమున నున్న చదువరి ఊహించి నష్టపోరాదు.