కదిలితేనే గాంధారం

వినాయక చవితి నుంచి 21 రోజుల పాటు కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు. వాహనం కదిలే ముందే మేళం లేస్తుంది. నాదస్వరం, డోలు, తాళం, వీటన్నిటి వెనక శ్రుతి. ఆ శ్రుతికి ఒకప్పుడు ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. అతని చేతిలో ఒత్తు. చూడటానికి నాదస్వరం లాగే ఉంటుంది గానీ వేళ్లకు పని లేదు. కింది రంధ్రాలను మైనంతో పూడ్చి శ్రుతి కుదుర్చుకోవడం, ఆపైన షడ్జమం ఒక్కటే ఊదడం. బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూ, నాదం తెగకుండా ఊరేగింపంతా నడిచేవాడు.

ఒత్తు నిలబెట్టిన స్వరం మీద నాదస్వరం చేసే పని వేరు. పీకను పెదాలు పట్టే తీరు, గాలి వదిలే బలం మారితే చాలు, వేలు కదలకుండానే స్వరం జారుతుంది. తోడి ఎత్తుకున్నారనుకోండి. గాంధారాన్ని బిగబట్టి నిలబెడితే అది తోడి అనిపించుకోదు. కింద రిషభానికీ పైన మధ్యమానికీ మధ్య అది ఊగుతూ ఉండాలి. ఎంత మేర, ఎంత వేగం అన్నది గురువు ఎదుట కూర్చుని చెవితో పట్టుకోవలసిందే.

గమకమనే ఈ ఊపును కాగితం మీద పెట్టే ప్రయత్నం తెలుగులోనే జరిగింది. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు గ్రంథం. కంపితానికి ఒక గుర్తు, స్ఫురితానికి ఒకటి, జారుకూ నొక్కుకూ వేరే గుర్తులు. స్వరాక్షరాలతో పాటు అవి ఎలా కదలాలో కూడా ఆ పుటల్లో చదువుకోవచ్చు.

హార్మోనియం దెబ్బతిన్నది ఈ కదలిక దగ్గరే. మెట్టు నొక్కితే ఒకే స్వరం, పక్క మెట్టుకు జారే దారి లేదు. ఆలిండియా రేడియో 1940లో దాన్ని స్టూడియోల నుంచి వెలివేసింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మన పద్యనాటకాల్లో మాత్రం హార్మోనియం లేనిదే తెర లేచేది కాదు. అక్కడ రాగం ఊపే బాధ్యత నటుడి గొంతుది. పెట్టె ఊతమిస్తే సరిపోయేది.

అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో తయారుచేసిన సింథసైజర్‌లో స్వరాన్ని కదిలించేది కరెంటు. నాదం పుట్టించే ఆసిలేటర్‌కు ఇచ్చే వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తుంది. నెమ్మదిగా ఊగే మరో ఆసిలేటర్‌ను తీగతో దానికి తగిలిస్తే, సెకనుకు ఐదారు సార్లు స్వరం వణుకుతుంది. వణుకు లోతుకు ఒక మీట, వేగానికి ఇంకొకటి. ఆ వేగాన్ని పెంచుకుంటూ పోతే ఏమవుతుందో 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కంప్యూటర్ మీద విని చూశారు. సెకనుకు ఇరవై దాటేసరికి చెవికి వణుకు తెలియడం మానేసింది, నాదం రంగే మారిపోయింది. ఒకే స్వరం గంటలా, ఇత్తడి బాకాలా పలకసాగింది. 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్‌గా బజారుకు వచ్చింది ఆ కిటుకే.

మూగ్ యంత్రం 1969లోనే మన దేశంలో అడుగుపెట్టింది. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో, సంగీతకారిణి గీతా సారాభాయ్ చొరవతో, అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పారు. ఆ స్టూడియో నాలుగేళ్లయినా గట్టిగా నడవలేదు. అక్కడ రికార్డు చేసిన టేపులు 2017లో కళాకారుడు పాల్ పర్గాస్ కంట పడేదాకా సంస్థ అరల్లోనే ఉండిపోయాయి.

దక్షిణాదికి ఆసిలేటర్ వేరే దారిన, వేరే పనికి వచ్చింది. బెంగళూరులో ఇంజినీరూ సంగీతజ్ఞుడూ అయిన జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా తయారుచేశారు. స్వరాన్ని ఊపే పని ఇక్కడ యంత్రానికి అప్పగించలేదు, నిలిపే పనే అప్పగించారు. తర్వాతి ఏళ్లలో ఇలాంటి శ్రుతిపెట్టెలు చిన్నవై, చవకై, ఊరూరా పాకాయి. మేళాల్లో ఒత్తు పట్టే మనిషి చోటు అలా ఖాళీ అయింది. ఒక జీవనోపాధి చడీచప్పుడు లేకుండా పోయింది. నాదస్వరం పిల్లలు ఒత్తు ఊదుతూనే ఊపిరి నిలపడం నేర్చుకునేవారు. ఆ బడి కూడా దాంతోపాటే పోయింది.

ఊపే పని మాత్రం మనిషి చేతిలోనే మిగిలింది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ల పిల్లవాడు. మెట్లున్న మాండలిన్‌కు గమకం పలకదన్న మాట ఆ పిల్లవాడి వేళ్ల ముందు నిలవలేదు. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలతో, కరెంటు మాండలిన్ మీద ఆయన రాగాలు జార్చారు. ఇవాళ కీబోర్డు కళాకారులు కుడిచేత్తో మెట్టు నొక్కి, ఎడమచేత్తో పక్కనున్న చక్రాన్ని ముందుకూ వెనక్కూ తోస్తూ అదే గాంధారాన్ని వెతుక్కుంటారు.

మేళంలో నాదస్వరం మెడ దగ్గర ఇప్పటికీ దారానికి నాలుగు పీకలూ, ఒక సూదీ వేలాడుతుంటాయి. పీకలో తడి చేరితే సూదితో శుభ్రం చేస్తారు, మొరాయిస్తే మారుస్తారు. కొత్త పీక తొడిగాక షడ్జమం ఒక్కసారి ఊదుతారు. సంచిలో శ్రుతిపెట్టె మోగుతూనే ఉంటుంది. రెండూ కలిశాయని చెవికి తెలిశాక, పెదవి కాస్త వదులుతుంది, గాంధారం ఊగడం మొదలవుతుంది.