ఆదివారాలు మింగిన సంఖ్య

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఈ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. 64 గళ్ళకు బదులు 67 గళ్ళు ఉన్నాయనుకోండి. మొత్తం గింజలు 14,75,73,95,25,89,67,64,12,927 అవుతాయి. ఇరవై ఒక్క అంకెలు! ఈ సంఖ్యకు పెద్ద చరిత్రే ఉంది.

1644లో ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి మెర్సెన్ ఇది ప్రధాన సంఖ్య అని, అంటే 1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడదని రాశాడు. రుజువు ఇవ్వలేదు. పెద్దమనిషి మాట కనుక 232 ఏళ్ళు నిలిచింది. 1876లో అదే దేశపు గణితవేత్త లుకా అది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు. విచిత్రమేమంటే, దేనితో భాగింపబడుతుందో ఆయనకూ తెలియదు! కారణాంకాలు వెతకకుండానే తేల్చే పరీక్ష అది.

అదెలా సాధ్యమని అకౌంట్సు సెక్షన్‌లో పనిచేసిన మిత్రులు అడగరు. ట్రయల్ బాలెన్సు కలవకపోతే తప్పుందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు. ఒక ఏడాది మార్చి లెక్కల్లో నాకు 27 రూపాయల తేడా వచ్చింది. వరుసగా మూడు ఆదివారాలు ఆఫీసుకు వెళ్ళాను. "ఏమండీ, ఆ 27 రూపాయలూ మనమే కట్టేస్తే పోదా?" అంది మా ఆవిడ. కట్టేస్తే తేడా పోతుంది గాని తప్పు పోదు కదా! చివరకు 63 వేయవలసిన చోట 36 వేసినట్టు దొరికింది. వేసింది నేనే.

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్‌కు మూడు ఆదివారాలు చాలలేదు. 1903 అక్టోబరులో న్యూయార్కులో జరిగిన గణిత సంఘ సమావేశంలో ఆయన నల్లబల్ల దగ్గరకు వెళ్ళి, ఒక పక్క 2ను 67 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేశాడట. రెండో పక్క 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించాడట. రెండు జవాబులూ ఒకటే. ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడట. సభ చప్పట్లతో మారుమోగింది. ఎన్నాళ్ళు పట్టిందని 1911లో తాను అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు పట్టాయని కోల్ చెప్పినట్టు ఇ.టి. బెల్ రాశాడు. బెల్ కథలకు కాస్త పోపు ఎక్కువ వేస్తాడని పేరుంది. గుణకారంలో మాత్రం పోపు లేదు.

మా మనవడు కంప్యూటర్లో క్షణంలో చూపించాడు. నాకు తృప్తి కలగలేదు. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. జవాబు వచ్చాక, మన పాత అలవాటు చొప్పున, అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి చూశాను. రెండు కారణాంకాలకూ 1 మిగిలింది, కనుక జవాబుకూ 1 మిగలాలి. 6 మిగిలింది. వెతికితే నాలుగో వరుసలో, పక్క స్థానానికి తీసుకెళ్ళవలసిన 4ను కలపడం మరిచాను. సరిదిద్ది మళ్ళీ కూడేసరికి భోజనాల వేళ దాటింది.