గంజాయి: చట్టం అనుమతి, ధర్మం తీర్పు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధర్మసోదరులారా! గంజాయిని చట్టబద్ధం చేయాలన్న వాదన నేడు అనేక దేశాల్లో వినవస్తోంది. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో దానిని అనుమతించాయి. 2022లో నిషేధం సడలించిన థాయిలాండ్, 2025లో వైద్యుని చీటీ తప్పనిసరి చేసి మళ్ళీ కట్టడి చేసింది. “ఖుర్ఆన్‌లో పేరైనా లేని ఆకు హరామ్ ఎలా అవుతుంది?” అని మన యువకులు అడుగుతున్నారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. ఏడు వందల ఏళ్ళ నాడే మన ఉలమాల ముందుకు వచ్చింది.

హిజ్రీ ఏడవ శతాబ్దంలో ‘హషీష్’ పేరిట ఈ మత్తు సిరియా, ఈజిప్టులలో వ్యాపించింది. పండితులు పేరును గాక ప్రభావాన్ని చూశారు. మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమన్న ప్రవక్త బోధనే వారికి ప్రమాణం. మద్యపానానికి విధించే శిక్షే దీనికీ వర్తిస్తుందని డమాస్కస్‌లో ఇబ్నె తైమియా (1263–1328) తీర్పు చెప్పారు. ఇది బుద్ధిని చెరిపే పదార్థమనీ, దీనికి నిర్ణీత శిక్ష గాక న్యాయాధిపతి విచక్షణ మేరకు దండన ఉండాలనీ కైరోలో మాలికీ పండితుడు ఖరాఫీ (మ. 1285) అన్నారు. షాఫియీ పండితుడు జర్కషీ (మ. 1392) దీని నిషేధంపై ప్రత్యేక గ్రంథమే రచించారు. వారి భేదం శిక్ష విషయంలోనే గాని, మత్తు కోసం సేవించడం హరామ్ అనడంలో కాదు. చికిత్స కోసం వాడవలసి వస్తే ఏమిటన్నది వేరే మస్‌అలాగా చర్చించారు.

మన దేశంలో ఆంగ్ల ప్రభుత్వం 1893లో ఒక కమిషన్‌ను నియమించింది. అది 1,193 మంది సాక్షులను విచారించి, మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, నిషేధానికి బదులు పన్నుతో, లైసెన్సులతో అదుపు చేయాలనీ 1894లో నివేదించింది. అప్పటికే గంజాయి ఖజానాకు రాబడి తెచ్చే సరుకన్నది మనం మరువరాదు. ముస్లిం దేశమైన ఈజిప్టు మాత్రం, హషీష్‌ను అంతర్జాతీయ నియంత్రణలోకి తేవాలని 1924–25 జెనీవా సమావేశంలో పట్టుబట్టి సాధించింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నిషేధించింది.

అయితే దండన ఒక్కటే చాలునా? కైరోలో అమీర్ సూదూన్ షైఖూనీ గంజాయి మొక్కలను పెరికించి, తిన్నవారి పళ్ళు ఊడబీకించాడని చరిత్రకారుడు మఖ్రీజీ వ్రాశారు. కొద్ది దశాబ్దాలకే జనం దానిని మళ్ళీ బాహాటంగా తినసాగారని వాపోయినదీ ఆయనే. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. అయినా బెడద తీరలేదు.

కనుక చట్టం ఎటు మారినా మనకు రెండు బాధ్యతలున్నాయి. ప్రభుత్వం అనుమతించినంత మాత్రాన హరామ్ హలాల్ కాజాలదని మన బిడ్డలకు కారణాలతో బోధించాలి. వ్యసనంలో పడినవానిని వెలివేయరాదు. పదేపదే మద్యం త్రాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని సహచరులు శపించబోగా, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. అతని హృదయంలో అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. ఆ సున్నత్ ప్రకారం మనం అలాంటి యువకుని చేయి పట్టుకుని వైద్యుని వద్దకూ, మస్జిద్ సఫ్‌లోకీ తీసుకురావాలి.

అల్లాహ్ మన బుద్ధిని, మన సంతానాన్ని కాపాడుగాక! ఆమీన్.