సూయజ్ సమరము: ఈడెన్ పలికిన శాంతివచనములు

1956 జూలై 26వ తేదీ రాత్రి అలెగ్జాండ్రియా నగరమున బహిరంగసభలో ప్రసంగించుచు, సూయజ్ కాలువ కంపెనీని జాతీయము చేసితిమని ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ప్రకటింపగా, బ్రిటిష్ ప్రధాని సర్ ఆంథొనీ ఈడెన్‌కు అది వాటాదారుల పరిహారముతో తెగు వివాదముగా గాక, పూర్వపు నియంతల దురాక్రమణకు పునరావృత్తిగా గోచరించెను. ముస్సోలినీని బుజ్జగించు విధానమును సహింపక 1938లో విదేశాంగమంత్రి పదవిని త్యజించిన యశస్సు ఆయనది. ఆ యశస్సునే ఆయన ఇప్పుడు యుద్ధవాదమునకు పెట్టుబడిగా పెట్టెను.

ఆగస్టు 8వ తేదీ ప్రసారములో, తమ కలహము ఈజిప్టుతో గాదనియు, అరబ్బులతో అసలే కాదనియు, నాసర్‌తో మాత్రమే యనియు ఆయన చెప్పెను. సేనలను సమకూర్చుకొనుచునే ఆ దేశప్రజలపై ద్వేషము లేదని పలుకుట నా మనస్సును మిక్కిలి కలచుచున్నది. అధ్యక్షుని మేడ యేది, పోర్ట్ సయీద్ కూలివాని గుడిసె యేది యని బాంబు విచారింపదు గదా!

అసలు కథ ప్యారిస్ చెంతనున్న సేవ్ర్‌లో నడచెను. అక్టోబరు 24న బ్రిటిష్, ఫ్రెంచి, ఇజ్రాయెలు ప్రతినిధులు అచ్చట రహస్యముగా చేసికొన్న ఒడంబడిక ప్రకారము, మొదట ఇజ్రాయెలు ఈజిప్టుపై దాడి చేయవలెను. పిమ్మట తక్కిన యిద్దరును పోరాడువారిని విడదీయు మధ్యస్థులవలె ప్రవేశించి కాలువను వశపరచుకొనవలెను. అనుకొన్నట్లే 29న దాడి జరిగెను. ఉభయపక్షములును కాలువనుండి పదిమైళ్లు తొలగవలెనని, పండ్రెండు గంటల గడువుతో, మరునాడు తాఖీదు వెలువడెను. ఇజ్రాయెలు సేనలు కాలువకు ఇంకను దూరముననే యున్నవి. తన సొంత గడ్డపై వెనుకకు తగ్గవలసినది దాడికి గురియైన ఈజిప్టే! నాసర్ నిరాకరించెను; 31న బాంబులు పడనారంభించెను.

నవంబరు 3న ఈడెన్ మరల ప్రజల యెదుటికి వచ్చి, తాను జీవితమంతయు శాంతికై పాటుపడినవాడననియు, నానాజాతిసమితికిని ఐక్యరాజ్యసమితికిని విధేయుడననియు విన్నవించుకొనెను. ఆ మాటలలో గతమునకు సంబంధించినంతవరకు అబద్ధము లేదు. అందుచేతనే అవి మరింత దారుణములు. కఠినవాక్కులతో యుద్ధమునకు పిలిచిన నాయకుని ప్రజలు ఎదిరింపగలరు. నిజమైన సత్కీర్తిని కుట్రపై కప్పినవానిని గుర్తించు టెట్లు? అయినను గుర్తించినవారు లేకపోలేదు. రహస్య మెరిగిన సహాయమంత్రి ఆంథొనీ నటింగ్ రాజీనామా యిచ్చెను. 4వ తేదీన ట్రఫాల్గర్ స్క్వేర్‌లో క్రిక్కిరిసిన జనసమూహము నెదుట ప్రతిపక్షమునకు చెందిన అనైరిన్ బెవన్ ప్రభుత్వమును నిలదీసెను. మన నెహ్రూ ఈ దండయాత్రను నిర్మొహమాటముగా ఖండించెను. పిదప ఐక్యరాజ్యసమితి సేనలో భారతసైనికులును ఈజిప్టునకు వెళ్లిరి.

అమెరికా ఒత్తిడికి, పౌనుపై వచ్చిన విపత్తునకు తాళలేక 6వ తేదీన బ్రిటను కాల్పులు విరమించెను. డిసెంబరు 20న, ఇజ్రాయెలు దాడి సంగతి తమకు ముందుగా తెలియదని ఈడెన్ కామన్స్ సభలో చెప్పెను. జనవరి 9న, అనారోగ్యకారణమున, పదవిని వదలెను. ఒడంబడిక బ్రిటిష్ ప్రతిని ఆయన అంతకుముందే నాశనము చేయించియుండెను. ఇజ్రాయెలు ప్రతి మాత్రము నిలిచినది.